మోగించి చూడని గిరాకీ

గంటను మోగించి చూడకుండా కొన్న మేకలాయన్ని ఓబులమ్మ ఈ వారం దాకా చూడలేదు. ఆత్మకూరు బజారులో పశువుల పలుపులు, గంటలు అమ్మే అంగడి ఆమెది. ఇప్పుడు అంగడికి వచ్చినతను, మోగించకుండా కొన్నవాళ్లలో మూడోవాడు. మిగిలిన రెండు గంటలూ సంచిలో వేసుకుని వెళ్లాడు.

అనుమానం వచ్చి వెంట వెళ్లింది. అతను పక్కనే ఉన్న హర్ష బట్టల కొట్లోకి దూరాడు. అక్కడ బల్ల కింద ఆమె అమ్మిన గంటలన్నీ గుట్టగా పడి ఉన్నాయి.

"ఏందిరా ఇది? నా అంగడి ఖాళీ చేయించి, గోడ పగలగొట్టి కలిపేసుకుందామనా?"

హర్ష తల దించుకున్నాడు. "కాదవ్వా. గిరాకీ లేదు, మూసేస్తానంటివి గదా. నువ్వు మూస్తే మేకలోళ్లు ఈ బజారుకే రారు. వాళ్లు రాకపోతే నా చొక్కాలు ఎవురు కొంటారు? పక్కన టీ ఎవురు తాగతారు? అందుకే మనుషుల్ని పంపించి కొనిపించినాను."

ఓబులమ్మ కొంగు పట్టి గంటలు అందులోకి ఎత్తుకోసాగింది.

"పొద్దున కొండాపురం మేకలాయన వచ్చినాడు. మందంతటికీ గంటలు కావాలన్నాడు. రెండే ఉండాయని చెప్పినాను. టీ కూడా తాగకుండా ఉదయగిరి బస్సెక్కి పోయినాడురా."