డబ్బా డ్యూటీ

గోదావరిఖనిలోని ఓ కాంట్రాక్టు ఆఫీసుకు చేతిరాత చదివే కొత్త సాఫ్ట్‌వేర్ డబ్బా వచ్చింది. మేనేజర్ లింగారావు దానికి బొట్టు పెట్టి, టెంకాయ కొట్టి, సీలైనా విప్పకుండా అద్దాల బీరువాలో పెట్టాడు.

సూపర్‌వైజర్ల కోడిగీతల్లాంటి చేతిరాతను టైపిస్టు నాజియాయే ఎప్పట్లా చదివి టైపు చేస్తోంది. "సాఫ్ట్‌వేర్ అద్భుతంగా చదువుతోంది" అని లింగారావు హెడ్డాఫీసుకు రాశాడు.

హెడ్డాఫీసు సంతోషించి నాజియాను ఉద్యోగంలోంచి తీసేసింది.

ఆమె సంచి సర్దుకుంటుంటే సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి లింగారావుకు ఫోనొచ్చింది. "ప్యాకింగ్ ఎలా ఉంది సార్? చూడ్డానికని ఖాళీ డబ్బా పంపాం. సాఫ్ట్‌వేర్ ఇంకా తయారుకాలేదు."

లింగారావు గబగబా ఆఫీసు తలుపేశాడు.

"నాజియా, జర ఆగు. రేపటి నుంచి ఆ డబ్బా పేరు మీద నువ్వే డ్యూటీ చెయ్యాలె."

"మరి జీతం, సార్?"

"డబ్బాకు జీతం ఎవరిస్తరమ్మా?"