ఒక్క మేకు

"గోడకు తూటు వేసేది లేదని చెప్పినాను కదప్పా!"

నంజుండప్ప ఈ మాట అనడం ఇది మూడోసారి. అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. ఎదురుగా నిలబడిన మునేషును వదిలేసి వీధిలో పోయే ఆటోలను చూస్తున్నాడు.

గోడలంటే ఇంత ప్రాణం పెట్టే ఇంటి ఓనరు ఆండర్సన్‌పేట మొత్తం వెతికినా ఇంకొకడు దొరకడు. ముప్పై ఏళ్లు బంగారు గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టిన మనిషి. గని మూతపడి ఇరవై ఏళ్లు దాటినా, సుత్తి దెబ్బ వినిపిస్తే ఇప్పటికీ తలెత్తి పైకి చూస్తాడు. ముందు భాగంలో ఆయనొక్కడే. వెనక భాగంలో బాడుగకు మునేషు, భార్య సవిత. రెండు భాగాలకూ కలిపి పెరట్లో ఒకటే బాత్రూము. వాళ్లు చేరి తొమ్మిదేళ్లయినా క్యాలెండరు కిటికీ చువ్వకే వేలాడుతోంది. ఈ తొమ్మిదేళ్లలో పెద్దాయన ఒప్పుకున్నది ఒకే ఒక్క మేకుకు. దాన్ని కూడా తానే సుత్తి తెచ్చి తన చేత్తోనే కొట్టాడు.

"గోడంతా కాదు పెద్దనాయినా. బాత్రూములో కమోడు ఒకటి, పక్కన పట్టుకునేదానికి స్టీలు కడ్డీ ఒకటి. అంతే."

"ఏంటికి? మొగుడూ పెండ్లామూ గుండ్రాళ్ల మాదిరి ఉండారు కదా!"

మునేషు తల గోక్కున్నాడు. పోయిన రెండుసార్లూ సరిగ్గా ఇక్కడే మాట బెడిసింది. తలుపు సందులోంచి సవిత, చెప్పవేం అన్నట్టు కళ్లెర్రజేసింది.

"మాకు కాదు. మా అమ్మ వస్తాంది."

పెద్దాయన చూపు ఆటోల మీదినుంచి మళ్లింది.

"ఎవురు?"

"మా అమ్మ. సుగటూరు నించి. ఇంగ ఈడనే ఉంటాది."

నంజుండప్ప మునేషు ముఖంలోకి చూశాడు. మోచేతి మీది ప్లాస్టరును గోక్కున్నాడు. చిక్కుడు పందిరి గీసుకుపోయిందని మొన్న చెప్పాడు. ఆ పందిరికి ఊతంగా నిలబెట్టింది మాలూరులో ఉన్న కూతురు రక్షిత పంపిన చేతికర్ర. "నేనేమన్నా ముసిలోణ్ణా?" అని దాన్ని ఆ రోజే తీగకు దానం చేసేశాడు.

"మోకాళ్లు పోయినాయి ఆమెకు," అన్నాడు మునేషు. "కింద కూర్చుంటే లెయ్యలేదు. పోయిన వారం జారి పడింది. ఎవురికీ చెప్పలే. పక్కింటోళ్లకు సద్దు ఇనపడింది కాబట్టి తెలిసె."

"పక్కింటోళ్లకేం పని, ఇంకొకరి సద్దులు ఇనేది!" పెద్దాయనకు కోపం వచ్చింది.

"పోయి అడుగుదామంటే మీద పడి కరుస్తాది పెద్దనాయినా. శానా మొండిది. మళ్లా పడి తుంటి ఇరిగిందంటే ఇంగ మంచమే కదా? నువ్వు వద్దంటే వద్దని చెప్పెయ్. మేము యాడన్నా వేరే ఇల్లు చూసుకుంటాము. ఆమె పడతాంటే చూస్తా ఉండలేము."

పెద్దాయన మళ్లీ వీధి వైపు తిరిగాడు. మూడు ఆటోలు పోయాయి.

"మేస్త్రీ ఎవురు?"

"ఆంజనప్ప."

"వానిది మోటు చెయ్యి. మెల్లగా కొట్టమను. నేను పక్కనే ఉంటాను."

తలుపు వెనక సవిత గుండెల మీద చెయ్యి వేసుకుని గోడకు చేరగిలబడింది.

ఆదివారం పని మొదలైంది. పెద్దాయన బాత్రూము ముందు స్టూలు వేసుకుని, దెబ్బ దెబ్బకూ "మెల్లగా, మెల్లగా!" అంటూ ఆంజనప్ప ప్రాణం తీశాడు.

"కడ్డీ ఎంత ఎత్తులో పెట్టల్ల?" అడిగాడు ఆంజనప్ప.

పెద్దాయన మునేషు వైపు తిరిగాడు. "మీ అమ్మ ఎంత పొడుగుంటాది?"

మునేషు పెద్దాయనను కిందినుంచి పైకి చూశాడు. "నీ అంత ఉంటాది పెద్దనాయినా."

"ఆడమనిషి అంత పొడుగా!" ఆంజనప్ప నోరు తెరిచాడు.

"నీకేంటికిరా? పని చూడు." పెద్దాయన వెళ్లి తానే కమోడు మీద కూర్చున్నాడు. చెయ్యి చాపి, అందినచోట గోడ మీద సుద్దముక్కతో గీత గీశాడు. సిమెంటు ఆరాక కడ్డీని రెండు చేతులా పట్టుకుని బరువంతా వేసి లాగి చూశాడు. "నిలుస్తాది," అన్నాడు.

వారం గడిచింది. పొద్దున్నే బాత్రూము తలుపు చప్పుడైతే చేతిలో పని ఆపేసి అటు చెవి పెట్టే సవిత, ఇప్పుడు ఆపకుండా సంగటి కెలుకుతోంది. ఎన్నాళ్లకో ఆమెకు మనసు నెమ్మదిగా ఉంది.

"మీ అత్త ఇంగా రాలేదేమ్మా?" రోజూ అడిగేవాడు పెద్దాయన.

"రాగి కోతలు ఉండాయంట పెద్దనాయినా. అయినంక వస్తాది."

"నిదానంగా రానీలే. కడ్డీ తుప్పు పట్టకుండా అంతవరకు నేను వాడతా ఉంటాను."

"అట్లే కానీ పెద్దనాయినా," అంది సవిత, నవ్వు ఆపుకుంటూ.

శుక్రవారం ఆయన బజారు నుంచి వచ్చాడు. చిక్కుడు పందిరికి ఇప్పుడు వెదురుబొంగు ఉంది. చేతికర్ర ఆయన చేతిలో ఉంది. సంచిలోంచి ఆకు పొట్లం తీసి సవితకిచ్చాడు. లోపల రెండు మూరల చామంతులు.

"మీ అత్తకమ్మా. నంజుండప్ప ఇచ్చినాడని చెప్పు." గొంతు సవరించుకున్నాడు. "కడ్డీ శానా బాగుండాదని కూడా చెప్పు."

"చెప్తాను పెద్దనాయినా," అంది సవిత. ఆమె కళ్లు తడిశాయి.

లోపలికి వెళ్లి, పెద్దాయన తన చేత్తో కొట్టిన ఆ ఒక్క మేకుకున్న అత్త ఫోటోకు దండ వేసింది.