బడిగంట దొంగ

"ఏంది సాయిబూ, మా బడిని గూడ తూకానికి అడుగుతవా?"

దేవ్‌సింగ్ సారు మాటకు వరండాల కూసున్న పిల్లలు గొల్లున నవ్విండ్రు.

జహూర్ నవ్వలే. పాత ఇనుము కొంటనని సైకిలుకు తరాజు కట్టుకోని కారేపల్లి దిక్కు తండాలు తిరిగే మనిషి. పొడుగు కట్టెతోని వరండా స్లాబును కింది నుంచి కొడుతున్నడు.

"సప్పుడు ఇను సార్. లోపల బోలుగున్నది. సలాకలు చిలుం పట్టి ఉబ్బినయి. గా పగుల్లకెళ్లి ఎర్రగ కారుతలేదా? పిల్లలను దీని కింద కూసోపెట్టకుండ్రి."

బిడ్డను దింపవచ్చిన సక్రి ఊకుంటదా?

"స్లాబు పడితె సలాకలు నీకే గదా! నీ ఉపాయం మాకు తెల్వదనుకున్నవా?"

"నాకు సలాకలొద్దమ్మా. పిల్లలు..."

"సాలుతియ్, నడువ్" అన్నడు సారు.

వారం తిరగకుండ మళ్ల వచ్చిండు. మళ్ల గదే పాట. సారుకు తిక్క రేగింది.

"ఇంకోసారి గీడ కనవడితె కాళ్లిరగ్గొడ్త!"

పాపం, సారును మాత్రం ఏమంటం? ఉన్న ఒక్క గది వానకు కురుస్తది. పిల్లలను నెత్తి మీద కూసోపెట్టుకుంటడా?

ఎనభై ఎనిమిది శ్రావణంల నాలుగు రోజులు ఇడువకుండ ముసురు పట్టింది. ఐదో రోజు వరండాల ముప్పై మంది పిల్లలు ఎక్కాలు చదువుతున్నరు. జహూర్ తడుసుకుంట వచ్చిండు. స్లాబు జూసిండు. పగుల్లు ఇంకింత తెరుసుకున్నయి.

"సార్, నీ కాల్మొక్త! జల్దీ పిల్లలను బయటికి తియ్యి!"

"గింత వానల యాడికి తియ్యాలె? పిచ్చి లేసిందా నీకు?"

జహూర్ గిర్రున తిరిగిండు. బడి ముందు వేలాడే గంటను, జానెడు రైలుపట్టా ముక్కను, ఊడబీకి సంకల పెట్టుకోని ఉరికిండు.

"దొంగ! గంటెత్తుకపోతున్నడు! పట్టుండ్రి!"

సారు ముందు, పిల్లలు ఎనుక. అబ్బో, ఒక్కరన్న ఆగిండ్రా! ఇసొంటి ఆట రోజు దొరుకుతదా?

పొలం గట్టు కాడ జహూర్ ఆయాసంతోని కూలబడ్డడు. సారు బెత్తంతోని ఎడాపెడా వాయించిండు. జహూర్ చెయ్యన్న అడ్డం పెట్టలే.

"అందరొచ్చిండ్రా సార్? లెక్కపెట్టు" అంటున్నడు.

అప్పుడే ఎనుక ధన్‌మని సప్పుడు. వరండా స్లాబు మొత్తం నేల మీద పడ్డది.

సారు చేతుల బెత్తం జారిపోయింది. పిల్లలను లెక్కపెట్టిండు. ముప్పై. నమ్మకం గాక మళ్ల లెక్కపెట్టిండు. ఒక్కొక్కరిని దగ్గరికి తీసుకోని బొళబొళ ఏడ్చిండు.

తేరుకోని తిరిగి జూస్తె గంట గట్టు మీదున్నది. మనిషి లేడు.

ఒక్కసారి కాళ్ల మీద పడి మాఫీ అడగాలె అని సారు ఖమ్మంల పాత ఇనుము దుకాణాలన్ని తిరిగిండు. రెండు నెల్లకు ఇల్లు దొరికింది. తలుపు తీసింది జహూర్ భార్య ఇస్మత్.

"ఆయన పోయి నలభై దినాలాయె భయ్యా. దమ్ము బీమారి, ఊపిరాడలే."

సారు ఆ ఇంటి కడపకే మొక్కిండు.

"మా పిల్లలను కాపాడిన దేవుణ్ణి దొంగని కొట్టిన చెల్లే! మేమేమైతమని ఆయనకు గంత ఆరాటం?"

ఇస్మత్ కొంగుతోని కండ్లొత్తుకున్నది.

"పదిహేనేండ్ల కింద, చిలుం పట్టిన సలాకలని తెల్సి గూడ కంట్రాక్టరుకు భయపడి మీ బడి స్లాబు కట్టిన మేస్త్రి ఆయనే భయ్యా."