సామాన్యుడి పాత్రలో

"మూడు గంటల్లోపు పాండిచ్చేరి నుంచి నాకో నిరసన కావాలి. లేదంటే ఆ కెమెరా మూటగట్టి అటక మీద పెట్టుకో!"

చెన్నైలో టీవీ డెస్కులో కూర్చుని అనంతరామన్ ఫోనులో అరిచాడు. గురు అరుగు మీద నిలబడి విన్నాడు. ఆ చానెల్‌కు ఊరి విలేకరి అతనే. జీతం లేదు. వార్త పడితేనే కూలి.

"సార్, ఇయ్యాల ఇంట్లో కొంచెం..."

"ఇంట్లోది ఎప్పుడూ ఉండేదే. బడ్జెట్ ఏడాదికి ఒక్కసారి. కుదరదంటే చెప్పు, త్యాగరాజన్ సొంత కెమెరాతో కాచుకుని ఉన్నాడు."

గురు లోపలికెళ్లి కెమెరా తెచ్చుకున్నాడు. ఆ కెమెరా తండ్రి వరదరాజులు కొనిచ్చింది. తాతల నాటి నేలలో మిగిలిన కొబ్బరితోపు ముక్క అమ్మి మరీ కొనిచ్చాడు. "తోపు కాయలే కాస్తుంది. ఇది నీ పేరు కాస్తుంది. టీవీలో నీ పేరు చూడాల నేను" అన్నాడు. మూడేళ్లయింది. పేరు ఒక్కసారీ పడలేదు. ఈ పని కూడా పోతే తోపు రెండోసారి పోయినట్టే.

ఢిల్లీలో మంత్రి ఇంకా చదువుతూనే ఉన్నాడు. ఇక్కడ పాలకపక్షం వాళ్లు పొద్దున్నే మిఠాయి పంచేసి, పేదల బడ్జెట్ అని ప్రకటన ఇచ్చేసి భోజనాలకు పోయారు. కావలసింది రెండో వైపు. గురు ప్రతిపక్షం నాయకుడు సుందరమూర్తికి ఫోను చేశాడు. ఆయన ఉండేది ఊరికి ఆ కొసన, మూలకుళంలో.

"ఖండిస్తా ఉండామని రాసుకో తంబీ."

"దేన్ని ఖండిస్తా ఉండారన్నా?"

"అదంతా సాయంత్రం పేపరోళ్లు చెప్తారు గదా. ముందు ఖండన రాయి."

"రాస్తే చాలదన్నా, బొమ్మ కావాల. పాడె ఊరేగింపు పెడదాం. బడ్జెట్టు సామాన్యుణ్ణి సంపేసిందని."

"ఎండ మండిపోతా ఉంది. ఇప్పుడు పాడె ఎవడు కడతాడు? పడుకునేదానికి మనిషి యాడ దొరుకుతాడు? పోయినసారి పడుకున్నోడు నడిరోడ్డులో లేచి బీడీ అడిగినాడు. మానం పోయింది."

"పాడె నేను చూసుకుంటానన్నా. మనిషీ ఉండాడు. కదలడు."

"ఏడ్చేదానికి?"

"వాళ్లూ ఉండారు. మీరు జెండాలతో మురుంగపాక్కంలో మా వీధికి వస్తే చాలు."

సుందరమూర్తి పదిమందిని వేసుకుని వచ్చేసరికి వీధిలో తప్పెట మోగుతోంది. పచ్చివెదురు పాడె. చామంతి దండలు. తెల్లగుడ్డ కింద ఒక ముసలాయన.

"నుదుట రూపాయి బిళ్ల కూడా పెట్టినావే! ఒక్కటీ మరవలేదు తంబీ నువ్వు" అని సుందరమూర్తి మెచ్చుకున్నాడు.

గురు ఒక అట్ట మీద అరవంలో 'సామాన్యుడు' అని రాసి ముసలాయన మెడలో తగిలించబోయాడు. మేనత్త ధనభాగ్యం అతని చెయ్యి పట్టుకుంది.

"ఇది నీకు బాగుందారా? నలుగురూ చూస్తా ఉండారు."

"నలుగురూ చూడాలనే అత్తా. నాన్న నన్నేమీ అనడులే."

ఆమె అతని ముఖంలోకి చూసింది. చెయ్యి వదిలేసింది. గుండెలు బాదుకుంటూ శోకం ఎత్తుకుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు అందుకున్నారు.

"ఏంది తంబీ, సినిమావాళ్లు చాలరు వీళ్ల ముందర!" సుందరమూర్తి గురు చెవిలో అన్నాడు. గురు కెమెరాలోంచి కన్ను తీయలేదు.

ముసలాయన ముక్కు మీద ఈగ వాలింది. జెండాలవాళ్లు ఊపిరి బిగబట్టి చూశారు. ఆయన చలించలేదు.

"గట్టి పిండమే పెద్దాయన! వచ్చే నెల కరెంటు పోరాటానికి కూడా ఈయన్నే పిలువు."

గురు దగ్గరికి వెళ్లి ఈగను తోలాడు. ముఖాన్ని దగ్గరగా తీశాడు. బొమ్మ వణికింది. మళ్లీ తీశాడు.

సుందరమూర్తి దండ వేశాడు. గొంతు బొంగురు చేసుకుని, ఈ బడ్జెట్ పేదవాడి నోట్లో మట్టి కొట్టిందని కెమెరాకు చెప్పాడు. పాడెకు భుజం పట్టాడు. కెమెరా ఆగగానే తీసేశాడు. జెండాలవాళ్లు మెయిన్ రోడ్డు టీకొట్టు దగ్గరే ఆగిపోయారు. టేపు స్నేహితుడు రఘునాథన్ బైకు మీద సారం పేటలోని చానెల్ ఆఫీసుకు, అక్కడి నుంచి చెన్నైకి పోయింది.

పొద్దు వాలుతుండగా ఫోను మోగింది.

"గురూ, అదరగొట్టావయ్యా!" అనంతరామన్ గొంతులో తేనె కారుతోంది. "గంటగంటకీ నీదే వేస్తున్నాం. స్టూడియోలో జుట్లు పట్టుకు కొట్టుకుంటున్నారనుకో. వీళ్లేమో జనం కడుపుమంట అంటారు. వాళ్లేమో కూలికి తెచ్చిన ఏడుపులంటారు. ఆ ముసలాయన ముఖం మీదే అరగంట చర్చ! కింద నీ పేరు కూడా వేశాం."

"పేరు... వేశారా సార్?"

"వేశామయ్యా. ఇప్పుడింకొక్క పని. ఆ ముసలాయన్ని లేపి నాలుగు మాటలు చెప్పించి పంపు. 'లేచి మాట్లాడిన సామాన్యుడు' అని రాత్రి వార్తల్లో వేద్దాం. ఏం, లేపుతావా?"

గురు ఫోను మొలలో దోపుకుని, చిల్లి పొడిచిన నీళ్లకుండను భుజానికెత్తుకుని, ఏటి ఒడ్డున చితి మీద పడుకోబెట్టిన నాన్న చుట్టూ మొదటి చుట్టు తిరగడం మొదలుపెట్టాడు.