ముప్పై ఒకటో స్లైడు

పొద్దున్నుంచి ఆకాశం మూసుకునే ఉంది. వాన పడదు, వెలుతురూ రాదు. ల్యాబులో పదింటికే లైట్లు వేశారు.

డాక్టరమ్మ మైక్రోస్కోపు మీంచి తలెత్తి ఎర్ర పెన్ను మూత తీసింది.

"బాబాయ్, ముప్పై ఒకటి లెక్కలోంచి కొట్టేస్తున్నాను."

కణితి ముక్క పొదిగిన మైనం దిమ్మను పల్చటి పొరలుగా కోస్తున్న టెక్నీషియన్ చెయ్యి ఆగింది. ఆ బ్లేడు ముందు కూర్చోవడం మొదలుపెట్టి ఆయనకు ఇరవై ఆరేళ్లు.

తొమ్మిదేళ్ల కిందట పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయిన ఎనభై మంది కణితి ముక్కలు ఆ స్లైడ్ల మీదున్నవి. పేర్లుండవు, నంబర్లే. ముక్కలో ఒక ఎంజైమ్ ఎంత ఎక్కువుంటే గోధుమరంగు అంత ముదురుగా పడుతుంది. అలా పడ్డవాళ్లు పదిహేడు మంది. పదహారు మంది రెండేళ్లు తిరక్కుండానే పోయారు. ముప్పై ఒకటి అన్నిటికన్నా ముదురు. రికార్డు గదివాళ్లు మాత్రం దాని ఎదురుగా 'బతికున్నారు' అని రాసి పంపారు.

ఎవరో చూసుకోకుండా రాసుంటారని, సాయంత్రంలోగా లెక్క పంపాలని ఆమె అంది.

"కొట్టెయ్యకమ్మా. ఆ మనిషి ఉన్నాడు."

"మీకెలా తెలుసు?"

"అప్పుడు ఆ ముక్క కోసింది నేనే. మనిషినీ చూస్తూనే ఉన్నాను."

పేరు అడిగింది. ఎవరికీ చెప్పనని మాటిచ్చానన్నాడు. ఆమె ఆయన్ని ఎగాదిగా చూసింది. ఏటా ఒకపూట సెలవు పెట్టి ఆయన స్కానింగు గది ముందు కూర్చోవడం గుర్తొచ్చింది.

"మీరేనా బాబాయ్?" అంది గొంతు తగ్గించి.

ఆయన బ్లేడు తుడిచి పక్కన పెట్టాడు.

ఆమె పెన్నుకు మూత పెట్టేసింది. "చాలా థాంక్స్ బాబాయ్. రేపు ఇంకెవరికైనా రంగు ముదురుగా పడితే, పదిహేడో మనిషి ఉన్నాడని చెప్పుకోవచ్చు" అంది.

ఒంటిగంటకు ఆమె నాన్న రోజూలాగే దర్జీ కొట్టుకు తాళం వేసి, క్యారియర్ పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. మూడు గిన్నెలు. కూతురికొకటి, తనకొకటి, టెక్నీషియన్‌కొకటి. కూతురు హాస్టల్లో చదువుకునే రోజుల నుంచీ నాన్నకూ ఆయనకూ స్నేహమట. ఈయన తినకపోతే తనకు ముద్ద దిగదంటాడు. తాను తినేది మాత్రం పిట్టంత, ఆగి ఆగి.

"నాన్నా, ఇవాళ బాబాయ్‌కి ఎక్కువ పెట్టు."

"ఏం, అంత ఘనకార్యం ఏం చేశాడు?"

"బతికున్నాడు."

నాన్న చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది. టెక్నీషియన్ తల వంచుకుని అన్నం కలుపుకుంటున్నాడు. కిటికీ అవతల మబ్బు అలాగే ఉంది.

ముప్పై ఒకటో నంబరు, కూతురి గిన్నెలో ఇంకో గరిటె కూర వేశాడు.