గీతలు కలిసిన చోటు

ఆ శుక్రవారం ఖతార్‌లోని లుసైల్ ఫ్లాట్‌లో ఉన్నది నలుగురే. సోఫాలో కృష్ణప్రసాద్, పక్కన భార్య సీతాలక్ష్మి, ఎదురుగా కూతురు అపూర్వ, వంటింటి గుమ్మంలో పనిమనిషి విజయరాణి.

"ఆ బొమ్మ నాది మేడం. దాని మీద నా పేరే రాయాలె," అంది విజయరాణి.

సీతాలక్ష్మి మొగుడి వైపు తిరిగింది. "విన్నారా? నిర్మల్ నుంచి అంట్లు తోమడానికొచ్చి ఈవిడగారు యూరప్ బొమ్మలేసిందట."

టీపాయ్ మీద రెండు బొమ్మలున్నాయి. అపూర్వ స్కూల్లో ప్రదర్శనకి పెట్టాల్సినవి. రెండింటిలోనూ ఈ హాలే, ఈ కుటుంబమే. మొదటిది యూరప్‌లో వెనకటి పద్ధతి. వెనకంతా బంగారు రంగు, నీడల్లేవు, గొప్పవాళ్ళు పెద్దగా ఉంటారు. అందులో సీతాలక్ష్మి గోడంత ఉంది. రెండోది ఆ తర్వాత వచ్చిన పద్ధతి. దగ్గరివి పెద్దవి, దూరానివి చిన్నవి. నేల మీది టైల్స్ గీతలు లోపలికి పోతూ ఒకచోట కలుస్తాయి.

"మొదటిది పాపదే. రెండోది వస్తలేదని నన్ను వెయ్యమన్నది."

"అబద్ధం," అంది అపూర్వ తలెత్తకుండా.

"తిండి పెట్టిన ఇంటి పిల్లమీదే నిందా?" సీతాలక్ష్మి గొంతు పెంచింది. "రేపే నిన్ను పంపిన ఏజెన్సీకి ఫోన్ చేస్తా."

"చెయ్యుండ్రి. ముందు సార్‌ను స్కేలు పెట్టి చూడమనుండ్రి. గీతలు కలిసిన కాడికి ఎదురుంగనే వేసినోళ్ళ కన్ను ఉంటదట. పాపే చెప్పింది."

కృష్ణప్రసాద్ ఇంజనీరు. ఊరుకోలేక స్కేలు తీశాడు. గీతలన్నీ ఓరగా తెరిచిన బెడ్రూమ్ తలుపు సందులో కలిశాయి, సోఫా వీపు ఎత్తున.

"వేసినవాళ్ళు నిలబడలేదు, కుర్చీలోనూ లేరు," అన్నాడు మెల్లగా. "ఆ తలుపుకి ఎదురుగా, వంటింటి గుమ్మంలో, నేల మీద కూర్చున్నారు."

"ఆడ కూసోని కూర తెంపేది ఎవలు సార్?"

అపూర్వ లేచి బాల్కనీలోకి పోయింది.

సీతాలక్ష్మి బొమ్మ లాక్కుంది. గీతలు కలిసిన చోట, తలుపు సందులో, గోరంత మనిషి, తనే. మంచం అంచున కూర్చుని, చున్నీ నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఇవతల సోఫాలో మొగుడు ఫోన్ చూసుకుంటున్నాడు.

"బొమ్మ నీదే," అంది దాన్ని బోర్లా పెట్టి. "పేరు నీదే రాయిస్తాను."

విజయరాణి ముఖం వెలిగింది.

సీతాలక్ష్మి లేచి వచ్చి, ఆ ముఖం మీదే వంటింటి తలుపు వేసింది.