తేన్పుల మేడం

ఆవు తేన్చింది. మేడం రాసుకుంది.

షెడ్డంతా నవ్వింది.

"నేను బిర్యానీ తిని గట్టిగ తేన్చుత. అది గూడ రాసుకోన్రి మేడం," అన్నాడు ఖాజా.

"మీరు పాలివ్వరుగా ఖాజా గారూ," అంది ఆమె తలెత్తకుండానే.

మళ్ళీ నవ్వులు. ఆవులకు మేత వేసే లచ్చన్న మాత్రం నవ్వలేదు.

గల్ఫ్‌లో, ఉమ్ అల్ క్వైన్ ఇసుకలో ఉంది ఆ డెయిరీ. నీటి తుంపర్లు చల్లే ఫ్యాన్ల కింద నల్లమచ్చల ఆవులు. శ్రీసుధ ఏదో పరిశోధన కంపెనీ తరఫున వచ్చింది. తణుకు వైపు మనిషి. కొన్ని ఆవులను విడిగా కట్టించి, దేని తొట్టి దానికి పెట్టించింది. రోజూ ఒక నీలం డబ్బాలో దాణా పోసేది. ఆవు మూతి పెట్టి తింటుంటే, దాని ఊపిరిలో మీథేన్ గ్యాస్ ఎంతుందో ఆ డబ్బా చెప్పేది.

పనివాళ్ళు ఆమెకు తేన్పుల మేడం అని పేరు పెట్టారు.

విడిగా కట్టిన వాటిలో చంద్రి ఉంది.

కరోనా వచ్చి విమానాలు ఆగిపోయిన ఏడు, ఊళ్ళో లచ్చన్నకు కూతురు పుట్టింది. అదే వారం షెడ్డులో చంద్రి పుట్టింది. కూతురిని ఫోన్‌లో చూసుకుంటూ, చంద్రికి సీసాతో పాలు పట్టాడు. ఇప్పటికీ ఊరికి వెళితే కూతురు అతన్ని కొత్త మనిషిని చూసినట్టు చూసి తల్లి చాటుకు పోతుంది. చంద్రి మాత్రం అతని చెప్పుల చప్పుడుకే అరుస్తుంది.

పనివాళ్ళు ఉండే క్యాంపులో ఒక మాట పుట్టింది. గ్యాస్ ఎక్కువ వదిలే ఆవులను కబేళా ట్రక్కు ఎక్కిస్తారట.

చంద్రి గ్యాస్ బాగా ఎక్కువొచ్చిందని ఖాజా ఎక్కడో విని వచ్చి చెప్పాడు.

ఆ రోజు నుంచి లచ్చన్న చంద్రి మేతను పారతో పక్క తొట్టిలోకి తోసేయసాగాడు. తక్కువ తింటే తక్కువ తేన్పు. పిల్లలకు కడుపు ఉబ్బితే తన తల్లి లంకణం పెట్టేది కదా, ఇదీ అంతే అనుకున్నాడు.

గ్యాస్ తగ్గింది. ఖాజా ఆ కబురు తెస్తే లచ్చన్న లోలోపల సంబరపడ్డాడు.

పాలూ తగ్గాయి. గ్యాస్ తగ్గిన సంబరంలో అది అతను పట్టించుకోలేదు.

ఒక పొద్దున శ్రీసుధ చంద్రి డొక్క మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడింది. నాకి నాకి నున్నగా మెరుస్తున్న దాని తొట్టిని చూసింది. నిండి పొర్లుతున్న పక్క తొట్టిని చూసింది.

"ఇది నెమరు వెయ్యట్లేదేంటి?"

"ఏమో మేడం. అదే తింటలేదు."

ఆమె అతని వైపు చూసింది. అతను నేల వైపు చూశాడు.

"గ్యాస్ తగ్గిందని సంతోషపడకూడదు లచ్చన్న గారూ," అంది మెల్లగా. "నెమరేసే ఆవు తేన్చక తప్పదు. మరీ ఎక్కువైతే తిన్నది పాలవ్వకుండా గాలైపోతోందని అర్థం. ఉన్నట్టుండి పడిపోతే ఒంట్లో బాగోలేదని. లీటరు పాలకి ఎంత గ్యాస్ అన్నదే నేను చూసేది. ఆ లెక్కన మొన్నటిదాకా ఈ షెడ్డులో మీ చంద్రే మంచి ఆవు."

"మరి ట్రక్కు?"

"ట్రక్కు నా చేతిలో లేదండీ. పాలు తగ్గినవాటిని డెయిరీ మేనేజరు, అదే మీ ముదీర్, పంపేస్తారు."

లచ్చన్న పక్క తొట్టిలోని మేతను దోసిళ్ళతో చంద్రి తొట్టిలోకి ఎత్తబోయాడు.

మేత ఒక్కసారిగా పెట్టొద్దని, ముందు ఎండుగడ్డి వేసి కొద్దికొద్దిగా పెంచమని చెప్పి, ఆమె ముదీర్ ఆఫీసు వైపు నడిచింది.

మేడం తన మీద చెప్పడానికే పోయింది, ఇక ఖలాస్ అనుకున్నాడు లచ్చన్న. దాణా తప్పుగా కలిపినందుకే ఒకతన్ని వీసా రద్దు చేసి పంపారు. తను ఆవు కడుపే మాడ్చాడు. తను పోతే చంద్రి ఎవరి చేతుల్లో పడుతుందో.

సాయంత్రం దాకా పిలుపు కోసం ఎదురుచూశాడు. ఎవరూ పిలవలేదు.

మర్నాడు శ్రీసుధ నీలం డబ్బాను పికప్‌లో ఎక్కించుకుంది. వెళ్తూ చంద్రి గంగడోలు నిమిరి, "వెళ్ళొస్తా లచ్చన్న గారూ," అంది. అతను వినబడనట్టు పేడ ఎత్తుతూనే ఉండిపోయాడు.

ఆ వారమే ట్రక్కు వచ్చింది. చంద్రిని ఎక్కించకుండానే పోయింది.

చంద్రి మళ్ళీ నెమరు మొదలుపెట్టింది. పాలూ మెల్లగా పెరిగాయి.

లచ్చన్న వేములవాడ రాజన్నకు కోడె మొక్కు మొక్కుకున్నాడు. ముదీర్ ఎదురుపడినప్పుడల్లా గుండె మీద చెయ్యి పెట్టి షుక్రియా అన్నాడు. గడ్డి మోపులు దించేవాళ్ళకు కూడా దండం పెట్టాడు. ఒక శుక్రవారం షెడ్డు వాళ్ళందరికీ చాయ్ పోయించాడు.

"ముదీర్ మంచోడు ర. నా చంద్రిని ఇడిచిపెట్టిండు," అన్నాడు ఖాజాకు గ్లాసు అందిస్తూ.

ఖాజా చాయ్ ఊదుకున్నాడు.

"మంచోడే. ఆ మేడంను గూడ మంచిగ ఎల్లగొట్టిండు. నీకెర్క లేదా? ఆ దినం ఆఫీసుల చాయ్ ఇయ్యవోయి నా చెవులతోని ఇన్న. మేడం ముదీర్‌తోని, పరీక్ష కోసం ఆ ఆవుకు మేత నేనే తగ్గిపిచ్చిన, పనోళ్ళ తప్పు లేదు, ట్రక్కు ఎక్కియ్యకున్రి, పాలు మల్లొస్తయ్ అన్నది. ముదీర్ బల్ల గుద్దిండు. యల్లా, డబ్బ తీస్కొని నడువు అన్నడు. ఆల్ల కంపెనీ గూడ నౌకరి తీసేసి ఇంటికి పంపిందంట, డ్రైవర్ చెప్పిండు. గంత సదువుకోని నోరులేని జీవం కడుపు మాడ్సింది, సూడు."

లచ్చన్న గ్లాసు కింద పెట్టాడు.

"ఆమెను ఏమనకు ర," అన్నాడు.

లేచి, నీలం డబ్బా ఉండిన చోటికి వెళ్ళి, గేటు వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు.

చంద్రి మేత తోసేసిన చేతులవి. అవి తనవేనని ముదీర్‌తో చెప్పి ఆమె వెళ్ళిపోయింది.